మావాడు బడికి వెళ్లొస్తే స్థానభ్రంశం సున్నా అట! ఈ లెక్క కాస్త విడమరిచి చెప్పండి

నిజాంపేట_అమ్మ | రాత్రి 8:40
నమస్కారమండీ. మావాడు తొమ్మిదో తరగతి. నిన్న యూనిట్ టెస్ట్ పేపర్ తెచ్చాడు. ఫిజిక్స్‌లో ఒక మార్కు పోయింది. ఒక్క మార్కుకి ఇంత రభసా అని మావారు విసుక్కుంటున్నారు గానీ, ఎందుకు పోయిందో నాకే అర్థం కాక ఇక్కడ పెడుతున్నా.

ప్రశ్న: ఒక విద్యార్థి ఇంటి నుంచి తూర్పుకి 600 మీటర్లు, అక్కణ్ణుంచి ఉత్తరానికి 800 మీటర్లు నడిచి బడికి చేరాడు. (అ) అతను నడిచిన దూరం ఎంత? స్థానభ్రంశం ఎంత? (ఆ) సాయంత్రం అదే దారిన ఇల్లు చేరాడు. మొత్తం దూరం, స్థానభ్రంశం ఎంత?

మావాడు మొదటిదానికి 1400 మీ., 1000 మీ. అని రాశాడు. రెండోదానికి 2800 మీ., 0 అని రాశాడు. రెండింట్లోనూ అర మార్కు చొప్పున కోశారు. లెక్క తప్పలేదు కదా?

ఇంకోటి. "పొద్దున పోయి సాయంత్రం వస్తే సున్నా ఏంట్రా, అరిగిన చెప్పులకి లెక్క లేదా" అని మా అత్తయ్య అడిగారు. వాడు జవాబు తోచక నా మొహం చూశాడు. నేను బీకామ్.

ఇంటర్_గట్టెక్కాలి | రాత్రి 8:52
చాలా ఈజీ ఆంటీ. దూరం అంటే నడిచిన దారి మొత్తం. స్థానభ్రంశం అంటే మొదలైన చోటుకీ ఆగిన చోటుకీ మధ్య అతి తక్కువ దూరం. అంతే. మీవాడిది కరెక్టే, సారే ఊరికే కోశారు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 9:15
బాబూ, నువ్వు చెప్పిన ఆ నిర్వచనంలోనే పాపం ఆ పిల్లాడి అర మార్కు పోయింది. "అతి తక్కువ దూరం" అనేది గైడ్లలో తరతరాలుగా వస్తున్న మాట. సగం నిజం. ఉద్యోగం చేసినన్నాళ్లూ దాంతో కుస్తీ పట్టాను.

అమ్మా, ఇలా చూడండి. మీవాడు ఇంటి నుంచి 1000 మీటర్ల అవతల ఉన్నాడని నాకు ఫోన్ చేసి చెప్పారనుకోండి. నేను వాణ్ణి ఎక్కడని వెతకను? మీ ఇంటి చుట్టూ కిలోమీటరు వ్యాసార్ధంతో గీసిన వృత్తం మీద ఎక్కడైనా ఉండొచ్చు. ప్రగతినగర్ వైపా, జేఎన్‌టీయూ వైపా? ఆ వైపు చెప్తేనే స్థానభ్రంశం పూర్తయినట్టు. అందుకే దాన్ని సదిశ రాశి అన్నారు, అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉండేది. దూరానికి దిశ అక్కర్లేదు కాబట్టి అది అదిశ.

లెక్క ఇది. తూర్పు, ఉత్తరం లంబంగా ఉంటాయి కనక లంబకోణ త్రిభుజం వస్తుంది. 600 వర్గం 3,60,000. 800 వర్గం 6,40,000. కలిపితే 10,00,000. దాని వర్గమూలం 1000. ఆ కర్ణమే స్థానభ్రంశం పరిమాణం. మీవాడు ఇక్కడిదాకా సరిగ్గానే చేశాడు. దిశ: తూర్పు నుంచి ఉత్తరం వైపుకి సుమారు 53 డిగ్రీలు. తొమ్మిదో తరగతికి కోణం తెలియకపోతే "ఇంటి నుంచి బడి వైపుకి" అని రాసినా నేనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. "ఈశాన్యం" అని రాస్తే ఒప్పుకోను. ఈశాన్యం అంటే సరిగ్గా 45 డిగ్రీలు, అప్పుడు తూర్పుకీ ఉత్తరానికీ సమానంగా నడిచి ఉండాలి.

అత్తయ్యగారికి గానుగెద్దుని చూపించండి. పొద్దుగూకులూ తిరుగుతుంది, నూనె పిండుతుంది, సాయంత్రానికి కట్టుకొయ్య దగ్గరే ఉంటుంది. తిరగలేదని ఎవరూ అనరు. చెప్పులరగడం దూరం లెక్క. "పొద్దున ఎక్కడున్నావు, ఇప్పుడు ఎక్కడున్నావు" అన్నది స్థానభ్రంశం లెక్క. ఆవిడ అడిగింది మొదటిది, పేపర్లో అడిగింది రెండూ.

మియాపూర్_టు_రాయదుర్గం | రాత్రి 9:31
మాస్టారూ, నా బతుకంతా ఈ లెక్కే. మియాపూర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు. మ్యాపులో చూస్తే ఆఫీసు మా ఇంటికి దాదాపు సరిగ్గా దక్షిణాన ఉంటుంది, సూటిగా గీత గీస్తే ఆరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మెట్రోలో వెళ్లాలంటే ముందు ఎర్ర లైన్లో ఆగ్నేయంగా అమీర్‌పేట్ దాకా పోవాలి, అక్కడ మెట్లెక్కి దిగి నీలం లైన్ పట్టుకుని మళ్లీ పడమరకి రావాలి. ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. 2019లో లైను రాయదుర్గం దాకా వచ్చిందని సంబరపడ్డా. తర్వాత లెక్కేసుకుంటే, నేను కదలాల్సిన దానికి మూడు నాలుగింతలు తిరుగుతున్నా.

కొండాపూర్ మీదుగా బస్సెక్కితే పది కిలోమీటర్ల లోపో పైనో. మెట్రోలో పోయినా, బస్సులో పోయినా, ట్రాఫిక్ చూసి వెనక సందుల్లోంచి బండి మీద పోయినా స్థానభ్రంశం మాత్రం ఒక్కటే: ఆరు కిలోమీటర్లు, దక్షిణానికి. దూరాలే మూడూ మూడు రకాలు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 9:38
ఈ ఉదాహరణ నేను క్లాసులో చెప్పుకునే అదృష్టం లేకపోయింది. నేను రిటైరయ్యే నాటికి మెట్రో స్తంభాలు మాత్రమే ఉండేవి.

కోఠీ_ఆటో_అన్న | రాత్రి 9:50
అక్కా, నేను గూడ ఒక మాట చెప్త. మా మీటర్‌కి మీ స్థానభ్రంశంతోని పని లేదు. చక్రం ఎన్ని సుట్లు తిరిగిందో గదే లెక్క. మొన్న ఒకాయన కోఠీల ఎక్కిండు. ఏదో అడ్రస్ అని గల్లీ గల్లీ తిప్పిచ్చిండు, దొర్కలే. ఆఖరికి మళ్ల ఎక్కిన కాడికే తెచ్చి దింపిన. "ఎక్కిన కాడనే దిగిన కదా, పైసలు దేనికి" అని కొట్లాట వెట్టుకున్నడు. గప్పుడు సమజ్ కాలే గని ఇప్పుడు సమజ్ అయింది. ఆయన స్థానభ్రంశం లెక్క చెప్పిండు, నేను దూరం లెక్క అడిగిన.

మియాపూర్_టు_రాయదుర్గం | రాత్రి 9:53
మీటర్ మీద నడిపే ఆటో హైదరాబాద్‌లో ఉందని తెలిసింది, ఈ చర్చకి ఇదొక్కటి చాలు.

కోఠీ_ఆటో_అన్న | రాత్రి 9:55
గా ముచ్చట ఇప్పుడెందుకన్నా.

గ్యారేజీ_బుడ్డోడు | రాత్రి 10:04
అన్న చెప్పింది కరెక్ట్. మీటర్ రోడ్డుని చూడదు, చక్రం తిరగడాన్ని లెక్కపెడుతుంది. ఒక చుట్టు తిరిగితే టైరు చుట్టుకొలతంత దూరం పోయినట్టు. అందుకే టైర్లు బాగా అరిగిన బండిలో రీడింగ్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. టైరు చిన్నదైపోయింది కదా, అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. చెప్పులరిగిన లెక్క అని నానమ్మగారు అన్నది ఈ రకంగా కూడా నిజమే.

పొద్దున్నే_పరుగు | రాత్రి 10:20
గచ్చిబౌలి స్టేడియంలో వారానికి మూడు రోజులు పరిగెడతాను. అక్కడి నుంచి ఒక మంచి లెక్క. 400 మీటర్ల ట్రాక్ ఒక చుట్టు కొడితే స్థానభ్రంశం సున్నా, అది అందరికీ తెలుసు. 10,000 మీటర్ల పోటీ అంటే 25 చుట్లు, అదీ సున్నానే. ఆ ఆయాసానికి సున్నా అంటే నాకూ కోపమే వచ్చింది.

మరి 200 మీటర్ల పోటీలో?

ఇంటర్_గట్టెక్కాలి | రాత్రి 10:22
ఎటూ వెనక్కి తిరగరు కాబట్టి 200.

పొద్దున్నే_పరుగు | రాత్రి 10:35
చూశారా, నేనూ అలాగే అనుకున్నా. వెనక్కి తిరగకపోతే సరిపోదు తమ్ముడూ, వంక కూడా తిరగకూడదు. 200 పోటీ మలుపులో మొదలవుతుంది. ముందు అర్ధవృత్తం, తర్వాత సూటి దారి.

ప్రామాణిక ట్రాక్ కొలతలు: సూటి భాగం 84.39 మీ. మలుపు వ్యాసార్ధం 36.5 మీ., కానీ మొదటి లేన్‌ని లోపలి గట్టు నుంచి 30 సెంటీమీటర్లు జరిగి కొలుస్తారు కాబట్టి 36.8 తీసుకోవాలి. అర్ధవృత్తం పొడవు 3.1416 × 36.8, అంటే 115.61. దానికి 84.39 కలిపితే 200.00. ఈ రెండు సంఖ్యలూ ఇలా అతికినట్టు కలిసినప్పుడు నాకు భలే ఆనందమేసింది.

ఇప్పుడు స్థానభ్రంశం. మలుపు దాటేసరికి అడ్డంగా ఒక వ్యాసం జరిగాం, 73.6 మీ. సూటి దారిలో నిలువుగా 84.39 జరిగాం. ఒకటి రెండోదానికి లంబం. వర్గాలు కలిపి మూలం తీస్తే సుమారు 112 మీటర్లు. పరిగెత్తింది 200, నిజంగా జరిగింది 112.

ఇంటర్_గట్టెక్కాలి | రాత్రి 10:41
అన్నా దండం. నిర్వచనం రేపటి నుంచి మార్చేసుకుంటా.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 10:49
దీన్నే నియమంగా చెప్పుకోవచ్చు. స్థానభ్రంశం పరిమాణం దూరాన్ని ఎన్నడూ మించదు. రెండూ సమానం కావాలంటే దారి సూటిగా ఉండాలి, దిశ మారకూడదు. దూరం ఎప్పుడూ తగ్గదు, రుణాత్మకం కాదు. ఒకే గీత మీద కదులుతుంటే మాత్రం స్థానభ్రంశానికి ప్లస్, మైనస్ గుర్తులు పెడతాం. అక్కడ గుర్తే దిశ. తూర్పు ప్లస్ అనుకుంటే మైనస్ 5 మీటర్లంటే పడమరకి 5 మీటర్లు. అంతేగాని సున్నా కంటే తక్కువ నడిచాడని కాదు.

నిజాంపేట_అమ్మ | రాత్రి 11:02
అందరికీ థ్యాంక్సండీ. మొదటి అర మార్కు పోయింది న్యాయమే అని మావాడు ఒప్పుకున్నాడు. రెండోది ఒప్పుకోవట్లేదు. సున్నాకి దిశ ఎక్కడిది అంటున్నాడు. సార్ పేపర్ మీద "యూనిట్?" అని ఎర్రగా రాశారు. సున్నా మీటర్లయినా సున్నా కిలోమీటర్లయినా సున్నానే కదా?

ఇంటర్_గట్టెక్కాలి | రాత్రి 11:05
ఇది మాత్రం అన్యాయమే ఆంటీ.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 11:18
దిశ విషయంలో పిల్లాడిదే గెలుపు. సున్నా స్థానభ్రంశానికి ఫలానా దిశ అని ఉండదు.

యూనిట్ విషయంలో నేను ఆ సారు పక్షమే, కాకపోతే అర మార్కు కోసేవాణ్ణి కాదు, చుట్టి వదిలేసేవాణ్ణి. పొడవుల వరకు సున్నా ఎక్కడైనా సున్నానే, నిజమే. ఉష్ణోగ్రతకి వచ్చేసరికి సున్నా డిగ్రీల సెల్సియస్ అంటే 32 డిగ్రీల ఫారన్‌హీట్. యూనిట్ రాసే అలవాటు లేకపోతే అక్కడ కొంప మునుగుతుంది. "0 మీ." అని రాయమనండి, ఒక అక్షరం ఖర్చు.

మియాపూర్_టు_రాయదుర్గం | మర్నాడు ఉదయం 7:55
(రైల్లోంచి.) వడికీ వేగానికీ కూడా ఇదే తకరారు కదా మాస్టారూ? మా పాత ఆఫీసు ఇంటికి 12 కిలోమీటర్లు. పొద్దున గంటకి 30 చొప్పున వెళ్లి, సాయంత్రం 20 చొప్పున వచ్చేవాణ్ణి. సరాసరి 25 కదా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | ఉదయం 8:30
కాదు. అందరూ పడే గుంట ఇది. వెళ్లడానికి 24 నిమిషాలు, రావడానికి 36. వెరసి గంట. గంటలో 24 కిలోమీటర్లు, కాబట్టి సరాసరి వడి 24. నెమ్మదిగా నడిచిన వైపే ఎక్కువసేపు ఉంటాం, అందుకే సరాసరి అటు లాగుతుంది. వేగం అంటే స్థానభ్రంశాన్ని కాలంతో భాగించాలి. ఇంటికే వచ్చారు కాబట్టి సరాసరి వేగం సున్నా. పరుగు తమ్ముడు 200 మీటర్లు 25 సెకన్లలో కొట్టాడనుకుంటే సరాసరి వడి సెకనుకి 8 మీటర్లు, సరాసరి వేగం పరిమాణం సుమారు 4.5 మాత్రమే.

ఇక్కడ భాష కూడా పిల్లల్ని తికమక పెడుతుంది. వాడుకలో "బండి వేగంగా పోతోంది" అంటాం. పాఠ్యపుస్తకంలో దాన్ని వడి అనాలి. దిశతో కలిపి చెప్తేనే వేగం. "వడివడిగా నడిచాడు" అనే మాట ఇంకా బతికే ఉన్నా, వడి ఒక్కటీ బడి బయట ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

పొద్దున్నే_పరుగు | ఉదయం 8:41
"200 మీటర్లు 25 సెకన్లలో" అని నా మీద పెట్టుకున్న నమ్మకానికి కృతజ్ఞతలు.

పేపర్_చదివేవాడు | ఉదయం 9:10
భ్రంశం అంటే జారడం, చెడిపోవడం కదా. అందుకే ఆ మాట వింటే పిల్లలు ఏదో ప్రమాదం జరిగిందనుకుంటారు. పేపర్లలో అధికారులకి బదిలీ అయితే "స్థానచలనం" అని వేస్తారు. ఆయన్ని పంపించేసి, మూడేళ్లకు మళ్లీ పాత కుర్చీలోకే తెస్తే చలనం ఉంది, స్థానభ్రంశం సున్నా.

మ్యాపుల_పనివాడు | ఉదయం 11:25
నా పని మ్యాపులతోనే కాబట్టి ఎవరూ అడగనిది ఒకటి చెప్తా. ఫోన్‌లో నడక యాప్ దూరం ఎలా లెక్కపెడుతుందో ఆలోచించారా? దానికి చక్రం లేదు. కొన్ని సెకన్లకోసారి మీరెక్కడున్నారో జీపీఎస్‌తో చూసుకుంటుంది. ఈ చుక్కకీ ఆ చుక్కకీ మధ్య సూటి గీత గీస్తుంది. ఆ గీతల పొడవులన్నీ కూడుతుంది. అంటే చిన్న చిన్న స్థానభ్రంశాల పరిమాణాల మొత్తమే మీకు దూరంగా చూపిస్తోంది. ముక్కలు ఎంత చిన్నవైతే అంత నిజమైన దూరానికి దగ్గరవుతుంది.

దీని వల్ల రెండు వింతలు. చుక్కలు మరీ దూరం దూరంగా తీసుకుంటే మలుపుల్లో అడ్డంగా కోసేస్తుంది, దూరం తక్కువ వస్తుంది. జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా సహజం కాబట్టి, మీరు ఇరానీ హోటల్లో ఛాయ్ ముందు కూర్చున్నా చుక్క అటూ ఇటూ గెంతుతుంది. ప్రతి గెంతునీ కూడితే లేచేసరికి నూటయాభై మీటర్లు నడిచినట్టు రావొచ్చు. మంచి యాప్‌లు ఈ గెంతుల్ని వడగట్టేస్తాయి.

నిజాంపేట_అమ్మ | మధ్యాహ్నం 12:10
అయ్యో, మావారు రోజూ చూపించే అడుగుల సంగతి ఇదన్నమాట.

మ్యాపుల_పనివాడు | మధ్యాహ్నం 12:14
అడుగులు వేరే సెన్సార్ లెక్కపెడుతుందండీ, ఒంటి కదలికని బట్టి. ఇంట్లో గొడవలు పెట్టకండి.

ఇంటర్_గట్టెక్కాలి | సాయంత్రం 5:30
మాస్టారూ, నాదొకటి. వస్తువు మొదటి వేగం సెకనుకి 6 మీటర్లు. ప్రతి సెకనుకీ 2 చొప్పున తగ్గుతోంది. 5 సెకన్లలో దూరం ఎంత? యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్ వేశా (యూ మొదటి వేగం, టీ కాలం, ఏ త్వరణం, అంటే సెకనుకి వేగం ఎంత మారుతుందో). 30 మైనస్ 25, జవాబు 5. కీలో 13 ఉంది. కీ తప్పేమో అని ఇద్దరు ఫ్రెండ్స్‌తో పందెం కాశా.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | సాయంత్రం 6:05
పందెం డబ్బులు సిద్ధం చేసుకో. నువ్వు వేసిన సూత్రం స్థానభ్రంశాన్ని ఇస్తుంది, దూరాన్ని కాదు. ఇలాంటి లెక్క కనిపిస్తే ముందు ఒకటే అడగాలి: ఎక్కడైనా వెనక్కి తిరిగిందా? వేగం 6 నుంచి 2 చొప్పున తగ్గితే 3వ సెకనుకి సున్నా. అక్కడ ఆగి వెనక్కి మళ్లింది. కాబట్టి దారిని అక్కడ తెగ్గొట్టు.

మొదటి 3 సెకన్లలో ముందుకి 9 మీటర్లు (సరాసరి 3, మూడు సెకన్లు). తర్వాత 2 సెకన్లలో వేగం సున్నా నుంచి మైనస్ 4 దాకా, అంటే వెనక్కి 4 మీటర్లు. దూరం 9 + 4 = 13. స్థానభ్రంశం 9 − 4 = 5. వేగం–కాలం గ్రాఫ్ గీస్తే ఇంకా తేటగా ఉంటుంది: కాలం గీతకి పైనున్న త్రిభుజం వైశాల్యం 9, కింద ఉన్నదాని వైశాల్యం 4. రెండూ కూడితే దూరం, పైదాంట్లోంచి కిందది తీసేస్తే స్థానభ్రంశం.

పైకి విసిరిన రాయిదీ ఇదే కథ. సెకనుకి 20 మీటర్ల వేగంతో విసిరావనుకో, గురుత్వ త్వరణం 10 తీసుకో. 2 సెకన్లలో 20 మీటర్ల ఎత్తుకి పోయి ఆగుతుంది. 3వ సెకను ముగిసేసరికి 5 మీటర్లు కిందికి వస్తుంది. దూరం 25, స్థానభ్రంశం పైకి 15. నాలుగో సెకనుకి ఎంతో నువ్వే చెప్పు.

ఇంటర్_గట్టెక్కాలి | సాయంత్రం 6:20
దూరం 40, స్థానభ్రంశం 0 మీ.! యూనిట్ రాశా చూడండి.

మియాపూర్_టు_రాయదుర్గం | రాత్రి 7:45
ఇంకో ప్రశ్న. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. సగం చుట్టు తిరిగితే?

పొద్దున్నే_పరుగు | రాత్రి 8:02
అది సరైన వృత్తం కాదు గానీ, వృత్తమే అనుకుంటే వ్యాసం 158 ÷ 3.14, సుమారు 50 కి.మీ. సగం చుట్టు 79 కి.మీ., స్థానభ్రంశం 50. ఏ అర్ధవృత్తంలోనైనా దూరం స్థానభ్రంశానికి 1.57 రెట్లే ఉంటుంది, గచ్చిబౌలి మలుపైనా, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారైనా. ఆరు నెలల్లో భూమి సుమారు 47 కోట్ల కిలోమీటర్లు తిరిగి, 30 కోట్ల కిలోమీటర్ల అవతలికి చేరుతుంది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 8:10
"సూర్యుణ్ణి బట్టి చూస్తే" అని చేర్చు నాయనా. దేన్ని బట్టి కొలుస్తున్నామో చెప్పకపోతే రెండు సంఖ్యలకీ అర్థం లేదు. మెట్రోలో సీట్లో కూర్చున్న మనిషికి రైలుని బట్టి దూరమూ సున్నా, స్థానభ్రంశమూ సున్నా.

మియాపూర్_టు_రాయదుర్గం | రాత్రి 8:12
సీటా? మియాపూర్‌లో ఎక్కుతాను కాబట్టి అమీర్‌పేట్ దాకా సరే. ఆ తర్వాత నిలబడటమే.

నిజాంపేట_అమ్మ | రాత్రి 9:20
ఇదంతా మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి గానుగెద్దు బాగా నచ్చింది, "చిన్నప్పుడు మా ఊళ్లో ఉండేది" అని అరగంట చెప్పారు. ఈ శనివారం అందరం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్తున్నాం. ఆవిడ పదకొండు ప్రదక్షిణలు చేస్తారు. "స్వామి దూరం చూస్తాడా, స్థానభ్రంశం చూస్తాడా" అని మనవణ్ణి ఆట పట్టిస్తున్నారు. కోరిక తీరితే 108 ప్రదక్షిణలు కదా, అప్పుడైనా నీ సున్నా మారుతుందా అని కూడా అడిగారు. మావాడు మాత్రం టేపు తెచ్చి ఒక ప్రదక్షిణ ఎన్ని మీటర్లో కొలుస్తానంటున్నాడు. ఆ రద్దీలో టేపు పరవడం కుదిరే పనేనా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | రాత్రి 9:34
టేపు ఇంట్లోనే వాడమనండి. వరండాలో మామూలుగా 20 అడుగులు వేయించి, మొత్తం కొలిచి 20తో భాగిస్తే వాడి ఒక్క అడుగు ఎంతో వస్తుంది. గుళ్లో ఒక చుట్టుకి ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టుకుంటే చాలు. ఒక్క చుట్టే కాకుండా మూడు చుట్లు లెక్కపెట్టి మూడుతో భాగించమనండి, రద్దీలో పక్కకి జరిగిన తేడా కొంత సర్దుకుంటుంది. వాడి అడుగు వాడిదే, నానమ్మ అడుగు వేరు. ఆవిడ లోపలి వరసలో నడిస్తే దూరం కూడా తగ్గుతుంది, ట్రాక్‌లో మొదటి లేన్ లాగా.